మెడ రక్తనాళంలో లోపం, చిన్న వయసులో స్ట్రోక్: ఏ పరీక్ష చేయించాలి, ఏ చికిత్స ఎంచుకోవాలి

మా అక్కకి అప్పటికి 41 ఏళ్లు. విశాఖ మద్దిలపాలెంలో ఇంటి ముందు గదిలోనే పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది. బీపీ లేదు, షుగర్ లేదు. ఓ ఆదివారం పొద్దున బియ్యం కడుగుతుంటే గిన్నె కుడిచేతిలోంచి జారి సింకులో పడింది. తీసుకుంది, మళ్లీ జారింది. మూడోసారి ఎడమచేత్తో పట్టుకుని, ఆ కుడిచెయ్యి తనది కానట్టు దాన్నే చూస్తూ నిలబడిపోయింది. అమ్మ హాల్లోంచి "ఏటయ్యిందే?" అని అడిగితే ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది.

ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండు గంటల్లో మాట సర్దుకుంది, సాయంత్రానికి చెయ్యి కూడా. ఎమ్మారైలో మెదడు ఎడమవైపు చిన్న మచ్చ కనపడింది. గుండెకి ఎకో తీశారు, మెడ నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ తీశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ నార్మల్. డిశ్చార్జి కాగితంలో కారణం అన్న చోట "తెలియలేదు" అని రాసి, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చి పంపారు. మేమూ అదృష్టవంతులం అనుకున్నాం. ఏడు నెలలకి మళ్లీ వచ్చింది. మళ్లీ ఎడమవైపు మెదడులోనే, ఈసారి పెద్దది.

రెండోసారి వేరే ఆస్పత్రిలో మెడ రక్తనాళంలో ఉన్న లోపం బయటపడింది. అప్పటి నుంచి వరసగా ఎంపికలే. ఏ పరీక్ష నమ్మాలి, గుండెలో కనపడిన చిన్న రంధ్రం మూయించాలా వద్దా, మాత్రలతో సరిపెట్టుకోవాలా, స్టెంటా, ఆపరేషనా. నేను డాక్టర్ని కాను. అక్క ఫైలు పట్టుకుని ఏడాదిపాటు తిరిగిన తమ్ముణ్ణి. ఇంట్లో 50 ఏళ్ల లోపు వాళ్లకి స్ట్రోక్ వచ్చి, కారణం తెలియలేదని ఇంటికి పంపిన కుటుంబాలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఒకవేళ ఇది చదువుతున్న ఇంట్లో ఇప్పుడే ఎవరికైనా మూతి వంకరపోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం కనిపిస్తుంటే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇస్తారు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే కేథటర్‌తో లాగి తీసే చికిత్సకి కొందరిలో 24 గంటల వరకు అవకాశం ఉంటుంది. కానీ ప్రతి నిమిషం మెదడు నష్టపోతూనే ఉంటుంది. "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనుకోవద్దు.

"కారణం తెలియలేదు" అనే మాటని ఎలా చదువుకోవాలి

రక్తం అడ్డుపడి వచ్చే స్ట్రోకుల్లో దాదాపు నాలుగింట ఒక వంతుకి మామూలు పరీక్షల్లో కారణం దొరకదు. వయసు తక్కువైన కొద్దీ ఈ వంతు ఇంకా పెరుగుతుంది. తెలియలేదు అంటే కారణం లేదని కాదు. వెతికిన చోట్ల దొరకలేదని. అందుకే ఆ కాగితం చేతికొచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఎక్కడెక్కడ వెతికారు, దేనితో వెతికారు అని. మేం మొదటిసారి అది అడగలేదు.

ఇంకో గుర్తు డాక్టర్ల కంటే ముందు ఇంట్లోవాళ్లే పట్టగలరు. స్ట్రోకులన్నీ మెదడులో ఒకే వైపు వస్తున్నాయా అన్నది. గుండెలోంచి బయల్దేరిన గడ్డ కుడికీ పోవచ్చు, ఎడమకీ పోవచ్చు. మెడలో ఎడమ కెరోటిడ్ ధమనిలో పుట్టిన గడ్డ మాత్రం ఎడమ మెదడుకే పోతుంది. అక్కకి రెండుసార్లూ కుడిచెయ్యి, మాట. ఆ వరస చూసే రెండో డాక్టరమ్మ "నాకు మెడ మీదే అనుమానం" అంది.

మెడలో అసలు ఏం ఉండొచ్చు

నలుగురికీ తెలిసింది కొవ్వు పేరుకుని నాళం సన్నబడటం. పెద్దవయసు వాళ్లలో, సిగరెట్టు, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ. డాప్లర్ పరీక్షా, "ఎంత శాతం మూసుకుంది" అనే ప్రశ్నా ఈ జబ్బు చుట్టూ పెరిగినవే. 1991లో వచ్చిన అమెరికా, కెనడా దేశాల పెద్ద అధ్యయనంలో, లక్షణాలు ఉండి 70 శాతం పైన సన్నబడిన వాళ్లకి ఆపరేషన్ బాగా మేలు చేస్తుందని తేలింది. తర్వాతి ఫలితాల్లో 50 నుంచి 69 శాతం మధ్య సన్నబడిన వాళ్లకి కొంత మేలు, 50 శాతం లోపు సన్నబడిన వాళ్లకి మేలు లేదని తేలింది. ఆ లెక్క కొవ్వు జబ్బుకి సరైనదే. చిక్కల్లా, అదే లెక్కతో వేరే రకం లోపాన్ని కొలిచినప్పుడు వస్తుంది.

ఆ వేరే రకాల్లో మా ఇంటికొచ్చినది కెరోటిడ్ వెబ్. దవడ మూల కింద వేలు పెడితే నాడి కొట్టుకుంటుందే, ఇంచుమించు ఆ చోట కెరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. మెదడుకి పోయే కొమ్మ మొదట్లో నాళం కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బు వెనక గోడలో లోపలి పొర మందమై, సన్నటి గట్టులా లోపలికి పొడుచుకొస్తుంది. అదే వెబ్. కొవ్వు కాదు, కొలెస్ట్రాల్‌తో సంబంధం లేదు. ఆడవాళ్లలో ఎక్కువగా కనపడుతుంది.

వర్షాకాలం అయ్యాక మన ఊళ్లో గెడ్డ (వాగు) పక్కన నిలబడి చూడండి. అడ్డంగా ఒక రాయి ఉంటే నీళ్లు ఆగవు, పైనుంచి పోతూనే ఉంటాయి. కానీ ఆ రాయి వెనక నురగా చెత్తా అక్కడక్కడే సుడి తిరుగుతూ కూడుతుంది. ఉన్నట్టుండి ఓ ముద్ద విడిపోయి ప్రవాహంలో కొట్టుకుపోతుంది. వెబ్ వెనక రక్తం అలాగే నిలిచి గడ్డ కడుతుంది. నాళం మూసుకుపోయేది పది శాతమో, ఇరవై శాతమో. గడ్డ మాత్రం పైకెళ్లి మెదడులో నాళాన్ని పూర్తిగా మూసేస్తుంది. కాబట్టి ఇక్కడ ఎంత మూసుకుంది అన్న ప్రశ్నకి విలువ లేదు. లోపల గోడ ఆకారం ఎలా ఉంది అని అడగాలి. ఈ రాసినదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే ఇది పెట్టుకోండి.

రెండోది నాళం గోడ చీలడం, డాక్టర్లు డిసెక్షన్ అంటారు. అన్ని వయసుల స్ట్రోకుల్లో ఇది నూటికి రెండే అయినా, చిన్న వయసు వాళ్లలో పది నుంచి పాతిక దాకా ఉంటుంది. మెడకి దెబ్బ తగలడం, బండి ప్రమాదం, ఒక్కోసారి గట్టి తుమ్ము కూడా చాలు. క్షవరం అయ్యాక తల మసాజ్ చేసి మెడని పట్టున తిప్పి టక్‌మనిపిస్తారు చూశారా, దాని తర్వాత కూడా నాళం చీలిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దయచేసి అది మానేయండి, మీ అబ్బాయిల చేత మాన్పించండి. డిసెక్షన్‌లో సాధారణంగా ముందు ఒకవైపు మెడనొప్పో తలనొప్పో ఉంటుంది. కొందరికి అదే వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదవుతుంది, చెవిలో నాడి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. మెడనొప్పికి బామ్ రాసుకుని వారం గడిపేసి, తర్వాత చెయ్యి పడిపోయాక వచ్చేవాళ్లు ఉంటారు. డాక్టర్ అడగకపోయినా గత నెలలో మెడనొప్పి వచ్చిందని చెప్పండి.

మూడోది తకయాసు ఆర్టరైటిస్. పెద్ద ధమనుల గోడలకి వాపు వచ్చే జబ్బు, మన దేశంలో చిన్న వయసు ఆడవాళ్లలో కనపడుతుంది. ఒక చేతి నాడి దొరక్కపోవడం, రెండు చేతుల బీపీకి బాగా తేడా ఉండటం గుర్తు. రెండు చేతులకీ బీపీ చూడమని అడగడానికి ఖర్చేం లేదు, అడగండి.

పరీక్షల్లో ఏది

డాప్లర్ చవక, నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. మెడకి చల్లటి జెల్ రాసి పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. కొవ్వుతో సన్నబడిన నాళానికి ఇది మంచి మొదటి పరీక్ష. అది ప్రధానంగా చూసేది రక్తం వేగాన్ని. నాళం సన్నబడిన చోట రక్తం వేగంగా దూకుతుంది. వెబ్ దగ్గర నాళం పెద్దగా సన్నబడదు కాబట్టి వేగం మారదు, కాబట్టి రిపోర్టు నార్మల్ అని వస్తుంది. చేయి తిరిగిన వాళ్లు ప్రత్యేకంగా వెతికితే గట్టు కనపడొచ్చు, కానీ దాని మీద ఆధారపడలేం. డిసెక్షన్ చాలాసార్లు దవడ ఎముకకి పైన, డాప్లర్ చూపు అందని చోట ఉంటుంది. చిన్న వయసు స్ట్రోక్‌లో డాప్లర్ నార్మల్ వస్తే మెడ బాగుందని కాదు, కొవ్వు జబ్బు లేదని మాత్రమే. ఏడు నెలలు మేం నిశ్చింతగా ఉన్నది ఈ తేడా తెలియకే.

సీటీ యాంజియోగ్రామ్ నా లెక్కలో మొదటి ఎంపిక, వెబ్ అనుమానం ఉంటే మరీను. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి స్కాన్ చేస్తారు. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వెచ్చగా అవుతుంది, కంగారుపడక్కర్లేదు. ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. కిడ్నీ సమస్య ఉన్నా, ఇంతకుముందు అయోడిన్ మందు పడకపోయినా, గర్భం ఉండొచ్చనిపించినా ముందే చెప్పాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆపాలో వద్దో అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీస్తున్నారన్నది. మెదడుకి మాత్రమే తీస్తే మెడ తప్పిపోతుంది. గుండె పైన అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) వంపు దగ్గర మొదలుపెట్టి నడినెత్తి దాకా తీయమని రాయించండి.

తీయించాక కూడా అయిపోలేదు. అక్క సీటీ రిపోర్టులో "చెప్పుకోదగ్గ సన్నబాటు లేదు" అనే రాశారు. న్యూరో డాక్టరమ్మ ఆ లైను చదివి పక్కన పెట్టి, సీడీ కంప్యూటర్లో వేసి, బొమ్మని పక్క నుంచి చూసేలా తిప్పింది. తెల్లగా వెలిగే నాళం, ఉబ్బు దగ్గర వెనక గోడ నుంచి సన్నటి నల్లగీత, గోరుతో నొక్కినట్టు. అడ్డకోతలో చూస్తే అదే గీత నాళాన్ని రెండు గదులు చేసిన పల్చటి గోడలా ఉంది. "ఇదమ్మా" అని పెన్ను మొనతో చూపించింది. రెండు సెకన్లు చూస్తే తెలిసేంత స్పష్టంగా ఉంది, అయినా రిపోర్టులో లేదు. సన్నబాటు కోసం వెతికిన కంటికి అది లెక్కలోకి రాలేదు. అందుకే స్కాన్ కోరే చీటీలో "చిన్న వయసు స్ట్రోక్, కెరోటిడ్ వెబ్, డిసెక్షన్ ఉన్నాయేమో చూడగలరు" అని డాక్టర్ చేత రాయించుకోండి. ప్రశ్న అడిగితేనే రేడియాలజిస్ట్ దానికి జవాబు వెతుకుతాడు.

ఎమ్మార్ యాంజియోకి రేడియేషన్ లేదు. డిసెక్షన్‌కి ఇది బాగా పనికొస్తుంది. కొవ్వు కాంతిని అణిచే ప్రత్యేక సీక్వెన్స్‌లో, గోడలో కూరుకున్న రక్తం నెలవంకలా తెల్లగా కనపడుతుంది. మందు ఎక్కించకుండా తీసే మామూలు ఎమ్మార్ యాంజియో వెబ్ దగ్గర మాత్రం తడబడుతుంది, నిలిచిన రక్తం సరిగ్గా పడదు. కాబట్టి మెడనొప్పితో వచ్చిన స్ట్రోక్‌కి ఎమ్మార్, నొప్పి లేకుండా ఒకేవైపు తిరగబెడుతున్న స్ట్రోక్‌కి సీటీ అని నేనైతే అంటాను. రెండూ ఎలాగూ కొందరికి పడతాయి.

ఆఖరిది డీఎస్‌ఏ. తొడ నుంచో మణికట్టు నుంచో గొట్టం పంపి నేరుగా నాళంలోకి మందు కొట్టి తీసే బొమ్మ. మందు వెళ్లిపోయాక కూడా వెబ్ వెనక కాసేపు నిలిచి ఉండటం ఇందులో కళ్లకి కడుతుంది. కానీ ఈ పరీక్ష వల్లే స్ట్రోక్ వచ్చే ప్రమాదం, నూటికి ఒకటి కంటే తక్కువే అయినా, ఉంది. సీటీలో అంతా తేలిపోతే డీఎస్‌ఏ అక్కర్లేదు. సందేహం మిగిలితేనో, స్టెంట్ వేసే ముందో చేయించుకోవడం సబబు.

గుండెలో రంధ్రం దొరికితే తొందరపడాలా

అక్కకి రెండోసారి బుడగల ఎకో (నరంలోకి సన్నటి బుడగలున్న సెలైన్ ఎక్కించి తీసే ఎకో) చేసినప్పుడు గుండె పై గదుల మధ్య చిన్న సందు కనపడింది, పీఎఫ్ఓ అంటారు. మామూలు జనంలోనే ప్రతి నలుగురిలో ఒకరికి ఇది ఉంటుంది. 60 ఏళ్ల లోపు వాళ్లకి, వేరే ఏ కారణమూ లేని స్ట్రోక్ వచ్చినప్పుడు, దీన్ని మూయిస్తే మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుందని 2017లో ఒకేసారి వెలువడిన మూడు ట్రయల్స్ చూపించాయి. ఇందులో "వేరే ఏ కారణమూ లేని" అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. మెడకి సరైన సీటీ తీయకుండా వేరే కారణం లేదని ఎలా అంటాం? స్ట్రోకులు వెబ్ ఉన్న వైపే వస్తుంటే ఆ రంధ్రం ఊరికే అక్కడున్న సాక్షి కావొచ్చు. ముందు మెడ తేల్చుకుని, తర్వాత గుండె జోలికి వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మాకు రంధ్రం మూయడానికి తేదీ కూడా ఇచ్చేశారు. సీటీ అయ్యాక అది రద్దు చేసుకున్నాం.

మాత్రలా, స్టెంటా, ఆపరేషనా

మొదట జబ్బుని బట్టి విడిపోవాలి. డిసెక్షన్ అయితే మాత్రలే. చీలిన గోడ చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే మానుతుంది. ఆస్పిరిన్ లాంటి మాత్రలు మేలా, వార్ఫరిన్ లాంటి గట్టి మందులు మేలా అని 250 మందితో బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చేసిన ట్రయల్ 2015లో వచ్చింది, రెండిటి మధ్య తేడా తేలలేదు. మీ డాక్టర్ ఏది ఎంచుకున్నా మూడు నెలలు మానకుండా వేసుకుని మళ్లీ స్కాన్ తీయించుకోండి. స్టెంట్ అవసరం అరుదుగా పడుతుంది. తకయాసు అయితే ముందు స్టెరాయిడ్లతో, ఇతర మందులతో వాపు తగ్గించాలి. వాపు మండుతున్నప్పుడు నాళం మీద చెయ్యి వేస్తే అది మళ్లీ మూసుకుపోతుంది, అందుకే ఇలాంటి వాపు జబ్బులు చూసే రుమటాలజిస్టు లేకుండా ముందుకు వెళ్లొద్దు.

అసలు తర్జనభర్జన వెబ్ దగ్గరే. 2021లో వచ్చిన అమెరికన్ స్ట్రోక్ మార్గదర్శకాలు, లక్షణాలున్న వెబ్‌కి ముందు ఆస్పిరిన్ తరగతి మాత్రలు ఇవ్వమంటాయి. మాత్రలు వేసుకుంటున్నా స్ట్రోక్ మళ్లీ వస్తే, పూర్తిగా వెతికినా వేరే కారణం దొరక్కపోతే, స్టెంట్ గానీ ఆపరేషన్ గానీ ఆలోచించవచ్చు అంటాయి. మాటల్లో ఆ మెత్తదనం ఎందుకంటే, ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం రోగులను గమనిస్తూ రాసుకున్న రికార్డులే. నెదర్లాండ్స్‌లోని స్ట్రోక్ ట్రయల్స్ రోగుల్లో చూసినప్పుడు, వెబ్ ఉన్నవాళ్లలో రెండేళ్లలో 17 శాతం మందికి స్ట్రోక్ తిరగబెట్టింది, వెబ్ లేనివాళ్లలో 3 శాతం. వెబ్ ఉన్నవాళ్లు అందులో 30 మందే, అందుకని ఆ 17ని రాతిమీద గీతలా చూడకూడదు. విడివిడి కేసుల్ని పోగేసి చూసిన లెక్కల్లో మాత్రలతో ఉన్నవాళ్లలో సగానికి పైగా తిరగబెట్టినట్టు ఉంది. అలా పోగేసినప్పుడు చెడ్డ కేసులే ఎక్కువగా చేరతాయి, కాబట్టి అది ఎక్కువ చేసి చూపిన అంకె అని నాకనిపిస్తుంది. ఏ లెక్క చూసినా, వెబ్‌ని తీసేసినవాళ్లలో, స్టెంట్‌తో గోడకి అణిచినవాళ్లలో తిరగబెట్టడం చాలా అరుదు.

"ఆస్పిరిన్ బదులు ఇంకా గట్టిగా రక్తం పలచబరిచే మందు వాడితే పోలేదా" అని మా బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కారణం తెలియని స్ట్రోకులకి రివరాక్సబాన్‌తో 2018లో, డాబిగాట్రాన్‌తో 2019లో పెద్ద ట్రయల్స్ వచ్చాయి. రెండిట్లోనూ ఆస్పిరిన్ కంటే స్ట్రోకులు తగ్గలేదు. రివరాక్సబాన్‌తో రక్తస్రావం పెరిగింది కూడా.

నా మాట ఇదీ. వెబ్ అనుకోకుండా కనపడింది, స్ట్రోక్ ఎప్పుడూ రాలేదు అంటే ఎవరు చెప్పినా కత్తి దగ్గరికి వెళ్లొద్దు. ఒకసారి చిన్నది వచ్చింది అంటే మాత్రలతో ఉండటమూ, ముందే తీయించుకోవడమూ రెండూ సమర్థించుకోగల నిర్ణయాలే, రెండు చోట్ల అభిప్రాయం తీసుకోండి. మాత్రలు సరిగ్గా వేసుకుంటూ ఉండగా అదే వైపు రెండోసారి వచ్చిందంటే మాత్రం ఇంక మాత్రలతో ఆగడం సరికాదని నేను నమ్ముతాను.

అప్పుడు స్టెంటా, కోతా? స్టెంట్‌లో తొడ దగ్గర చిన్న రంధ్రంతో పని అవుతుంది, మత్తు పెద్దగా అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో ఇంటికి. జాలీ గొట్టం వెబ్‌ని గోడకి అణిచేస్తుంది. వేసేటప్పుడు నాడి, బీపీ పడిపోవచ్చు, అందుకే ఆ రాత్రి ఐసీయూలో ఉంచుతారు. కొవ్వు జబ్బు మీద 2010లో వచ్చిన 2,502 మంది ట్రయల్‌లో స్టెంట్ వేసే సమయంలో స్ట్రోకులు కాస్త ఎక్కువ, ఆపరేషన్ సమయంలో గుండెపోట్లు కాస్త ఎక్కువ కనపడ్డాయి. 70 లోపు వయసు వాళ్లకి స్టెంట్ వైపు కొంచెం మొగ్గు ఉంది. వెబ్ వచ్చేవాళ్లు ఇంకా చిన్నవాళ్లు, నాళాలు మెత్తగా తిన్నగా ఉంటాయి కాబట్టి స్టెంట్ వాళ్లకి తేలిగ్గా పడుతుంది. అసలు చిక్కు తర్వాత ఉంటుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి కనీసం నెల నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఒక్కపూట కూడా తప్పకుండా వేసుకోవాలి. తర్వాత ఒకటి జీవితాంతం. పొద్దున్నే "గ్యాస్ మాత్ర" వేసుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. అది ఒమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆ మాత్ర సంగతి కూడా డాక్టర్‌కి చెప్పి, పాంటోప్రజోల్‌కి మార్చుకోవచ్చా అని అడగండి.

ఆపరేషన్‌లో మెడ పక్కన కోసి, నాళం తెరిచి, వెబ్‌ని తీసేస్తారు. లోపల లోహం మిగలదు. తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్తుంది కాబట్టి అది వెబ్బే అని ఖాయమవుతుంది. తర్వాత సాధారణంగా ఒక్క ఆస్పిరిన్ సరిపోతుంది. ఇబ్బందులు: మత్తు, మెడ మీద మచ్చ, కోత దగ్గర రక్తం చేరడం, ఆ దారిలో వెళ్లే నరాలకి దెబ్బ తగిలి గొంతు బొంగురుపోవడం, నాలుక ఒకవైపు లాగడం. నరాల ఇబ్బంది నూటికి కొద్దిమందికే వస్తుంది, వచ్చినవాళ్లలో ఎక్కువమందికి నెలల్లో తగ్గుతుంది.

అక్క దగ్గర ఈ రెండూ పోటీ పడ్డాయి. గొంతే ఆమె జీవనం. రోజుకి మూడు బ్యాచులు, గట్టిగా చెప్పాలి. అందుకని మేమంతా స్టెంట్ వైపే ఉన్నాం. కానీ అక్కకి గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, నెలసరి విపరీతం, హిమోగ్లోబిన్ 8.6. ఆ ఒంటికి రెండు రక్తం పలచన మాత్రలు నెలల తరబడి అంటే ప్రతి నెలా ఒక గండం. ఈ సంగతి మేం చెప్పలేదు, వాళ్లు అడగలేదు. స్టెంట్ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు నర్సమ్మ పీరియడ్స్ గురించి అడిగితే బయటపడింది. ఆడవాళ్లు ఈ విషయం సిగ్గుపడకుండా మొదటి రోజే చెప్పాలి. ఇందులో సిగ్గేం లేదు, నిర్ణయమే మారిపోతుంది. అక్క ఒక రాత్రి ఆలోచించుకుని, "గొంతు పోతే తిరిగొస్తుందంటున్నారు కదా. రక్తం పోతూ ఉంటే నేను నిలబడలేను" అని ఆపరేషన్‌కే ఒప్పుకుంది. ఐరన్ ఎక్కించి, మెదడులో వాపు తగ్గేదాకా ఆగి చేశారు. ఐదు వారాలు గొంతు గాలిలా వచ్చింది. ఆ ఐదు వారాలూ పిల్లలకి బోర్డు మీద రాసే చెప్పింది. ఆరో వారంలో మెల్లగా తెరుచుకుంది.

ఇదే అక్కకి నెలసరి ఇబ్బంది లేకపోయి ఉంటే నేను స్టెంట్ అనేవాణ్ణి. మందులు క్రమంగా వేసుకోలేని మనిషికి ఆపరేషన్, మత్తు తట్టుకోలేని ఒంటికి స్టెంట్. గర్భం కావాలనుకునే అమ్మాయి ఆ సంగతి ముందే చెప్పి, మందుల లెక్క వేయించుకున్నాకే ఏదైనా. స్ట్రోక్ వచ్చిన ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, వేరే పద్ధతికి మారాలి.

విశాఖలో ఎక్కడ, ఎలా

ఫలానా ఆస్పత్రికే వెళ్లండని నేను చెప్పను. ప్రభుత్వం వైపు 1923 నుంచి నడుస్తున్న కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉన్నాయి. ప్రైవేటువి రామ్‌నగర్ చుట్టుపక్కల, ఆరిలోవ హెల్త్ సిటీలో గుంపుగా ఉన్నాయి. బోర్డు చూసి కాదు, చేసే చేతిని చూసి ఎంచుకోండి. మెడ నాళానికి స్టెంట్లు మీరే వేస్తారా, ఏడాదికి ఎన్ని వేస్తారు, ఆపరేషన్ అయితే వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ ఎవరు, ఇద్దరూ కూర్చుని నా కేసు మాట్లాడతారా అని నేరుగా అడగండి. మంచి డాక్టర్లు ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు. స్టెంట్ వేసేవాళ్లని మాత్రమే అడిగితే స్టెంట్ అంటారు, కోసేవాళ్లని అడిగితే కోత అంటారు. అది వాళ్ల తప్పు కాదు, ఎవరి చేతికి అలవాటైనది వాళ్లకి సులువు. అందుకే న్యూరో డాక్టర్‌ని మధ్యలో పెట్టుకోండి.

జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, అడ్మిషన్‌కి ముందే ఆ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రతో మాట్లాడి ఏ చికిత్స పథకంలోకి వస్తుందో, ఏ పరీక్షలకి చేతి డబ్బు పడుతుందో రాయించుకోండి. ఈఎస్‌ఐ వాళ్లయితే రిఫరల్ కాగితం ముందు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు అక్కడ తీసిన స్కాన్లు మళ్లీ తీయించుకుంటూ ఉంటారు, ఎందుకంటే ఫిల్ములే తెస్తారు, సీడీ తేరు. ఫిల్ము మీద వెబ్ కనపడే కోణం ఉండకపోవచ్చు. మొత్తం బొమ్మలున్న సీడీనో పెన్‌డ్రైవో అడిగి తీసుకోండి, అది మీ హక్కు. మా అక్క మొదటి ఆస్పత్రి కాగితాలన్నీ ఉన్నాయి గానీ డాప్లర్ బొమ్మలు అడగలేదు, ఇప్పుడు వాటిలో ఏముందో చూడటానికి లేదు.

అక్క సీటీలో ఇంకోటి కూడా కనపడింది. కుడివైపు కెరోటిడ్‌లోనూ అలాంటి గట్టే ఉంది, ఇంకా చిన్నది. వెబ్ రెండు వైపులా ఉండటం వింతేమీ కాదట. ఎడమది తీశారు కదా, ఇదీ తీసేస్తే పోతుంది కదా అని అమ్మ గొడవ. కుడి మెదడులో ఇంతవరకు ఒక్క మచ్చ లేదు. డాక్టరమ్మ దాన్ని ముట్టుకోవద్దంది, మేం ఒప్పుకున్నాం. ఆస్పిరిన్ నడుస్తోంది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కినా, ఎడమకంటికో కుడికంటికో తెర పడ్డట్టయినా ఎవరినీ అడక్కుండా 108కి ఫోన్ చేయమని ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి అంటించాం.